దేవుడు లేని కొండకి పదకొండు కొబ్బరికాయలు

మా ఏలూరులో కొండ లేదు. ఏలూరులోనే కాదు, అటు కొల్లేరు దాకా వెళ్ళినా లేదు. వరిచేను, దాని పక్కన ఇంకో వరిచేను, అది దాటితే చేపల చెరువు, చెరువుకి గట్టు. గట్టెక్కి నిలబడితే ఎత్తుకి వచ్చినట్టే లెక్క. అలాంటి చోట పుట్టి పెరిగిన ముగ్గురు ఆడవాళ్ళం, నలభై దాటాక, మారేడుమిల్లి అవతల కొండల్లో యాభై కిలోమీటర్ల పరుగుపందేనికి పేర్లిచ్చాం. పందెం ఎలా జరిగిందని ఎవరైనా అడిగితే రెండు ముక్కల్లో చెప్పేస్తాను. దాని ముందురోజు గురించి అడిగితే మాత్రం కూర్చోబెట్టి చెబుతాను.

నేను ఒక హైస్కూల్లో లెక్కల టీచర్ని. మిగతా ఇద్దరూ తమ పేర్లు ఎక్కడా రాయకూడదని నా చేత ఒట్టు వేయించుకున్నారు కాబట్టి ఒకావిణ్ణి టైలరు అంటాను. పదిహేనేళ్ళుగా నా జాకెట్లు కుట్టేది ఆవిడే. వాళ్ళది ముస్లిం కుటుంబం, తాతల నాటినుంచీ కుట్టుపనే. నాకంటే ఆరేళ్ళు చిన్నది. నన్ను టీచరుగారూ అంటుంది. మిషను ముందు కూర్చుని కూర్చుని నడుం పట్టేస్తోందని నాతో పాటు పొద్దున్నే నడవడం మొదలెట్టింది. నేను నడుస్తున్నది మా డాక్టరుగారు షుగరు హద్దు మీద ఉందని భయపెట్టినందుకు.

రెండో ఆవిడ చెరువులావిడ. కొల్లేరు పక్క పల్లెటూరు. మొగుడూ పెళ్ళాం ఇద్దరూ చేపల చెరువులు చూసుకుంటారు. వాళ్ళమ్మాయి మా స్కూల్లో చదివే రోజుల్లో పేరెంట్స్ మీటింగుకి వచ్చి, పిల్ల మార్కుల గురించి ఒక్క మాటా అడక్కుండా, "పొద్దున్నే రోడ్డు మీద పోతున్నది మీరేనా అండీ? నేనూ రావచ్చా?" అంది. వచ్చింది. వచ్చిన వారానికి నన్ను వదినా అనడం మొదలెట్టింది, ఇంకో వారానికి నడక చాల్లే అని పరుగులోకి దింపింది. ఆదివారాలు వాళ్ళ చెరువు గట్ల మీద పరిగెత్తేవాళ్ళం. మమ్మల్ని చూసి గూడబాతులు బద్ధకంగా రెండు గజాలు జరిగేవి, అంతే.

పందేనికి పేర్లిచ్చింది కూడా చెరువులావిడే. ఫోనులో ఎవరో ఆడవాళ్ళు కొండ మీద నిలబడి పళ్ళికిలిస్తున్న ఫోటో చూసి, మాకు చెప్పకుండా ముగ్గురికీ ఫారాలు నింపేసింది. అందులో మొత్తం ఎక్కాల్సిన ఎత్తు రెండు వేల మీటర్లని ఉందట. ఆవిడ ఆ అంకె చూసి రెండు కిలోమీటర్లే కదా అనుకుంది.

ఏలూరులో మనిషి కాళ్ళతో ఎక్కగలిగినంతలో ఎత్తైనది రైల్వే ఓవర్‌బ్రిడ్జి. అది ఎనిమిది మీటర్లనుకుంటే రెండువందల యాభై సార్లు ఎక్కి దిగాలని లెక్క తేల్చాను. ఒక ఆదివారం తెల్లవారుతూనే మొదలెట్టాం. ఇరవయ్యో సారి దిగుతుంటే ట్రాఫిక్ కానిస్టేబుల్ ఒకాయన ఆపాడు.

"ఏవండీ మేడం, ఏమైనా పడిపోయిందా అండీ? ఇందాకట్నుంచీ చూస్తున్నా, తెగ తిరుగుతున్నారు."

"ఏం పడిపోలేదండీ. ఎక్కుతున్నాం," అన్నాను.

"ఎక్కి?"

"దిగుతున్నాం."

ఆయన పక్కన ఆపిన తన బండి వైపు చెయ్యి చూపించాడు. "అవతలికి వెళ్ళాలంటే చెప్పండి, బండి మీద దింపేస్తాను," అన్నాడు ఎంతో మర్యాదగా. ఆ రోజు నలభైతో ఆపేశాం.

ఇక ఆ ముందురోజు. శనివారం. పొద్దున ఆరున్నరకి చెరువులావిడ ఫోను.

"వదినా, మెడికల్ సర్టిఫికెట్టు అంటే ఏంటి?"

"దేని మెడికల్ సర్టిఫికెట్టు?"

"పందెం వాళ్ళు తెమ్మన్న సామాన్ల జాబితాలో ఆఖర్న ఉంది. విజిలు, తలకి కట్టుకునే లైటు, చలికి కప్పుకునే వెండి రేకు దుప్పటి, మెడికల్ సర్టిఫికెట్టు. అదెక్కడ దొరుకుద్దండీ?"

దుకాణంలో దొరికే వస్తువనుకుంది. సాయంత్రం అయిదింటిలోగా కొండ దగ్గర నంబర్లు తీసుకోకపోతే పందెంలో లేనట్టే. మధ్యలో దాదాపు రెండువందల కిలోమీటర్ల దారి. ఏడున్నరకల్లా ముగ్గురం మా డాక్టరుగారి ఇంటి గుమ్మంలో ఉన్నాం. ఆయన డెబ్భై దాటిన పెద్దాయన, అప్పుడే పూజ ముగించి కాఫీ గ్లాసుతో వచ్చారు.

"ఏవమ్మా, ఎవరైనా తరుముతున్నారా?" అన్నారు సంగతంతా విని.

"లేదండీ, పందెం," అన్నాను.

"గెలిస్తే ఏమిస్తారు?"

"గెలవమండీ."

"మరి?"

"చివరిదాకా పరిగెడితే మెడలో బిళ్ళ వేస్తారండీ," అంది చెరువులావిడ.

డాక్టరుగారు కళ్ళజోడు సర్దుకుని ఫారం పైకే చదివారు. ఈ వ్యక్తి కొండదారిలో యాభై కిలోమీటర్లు పరిగెత్తడానికి శారీరకంగానూ మానసికంగానూ తగిన స్థితిలో ఉన్నదని ధ్రువీకరిస్తున్నాను అని దాని సారాంశం. "శారీరకం వరకూ చూసి చెప్తానమ్మా," అన్నారు. "మానసికం మాటే కాస్త కష్టంగా ఉంది."

టైలరు బీపీ బాగుంది. చెరువులావిడ బీపీ ఎంత బాగుందంటే డాక్టరుగారు మిషను చెడిపోయిందేమోనని తన చేతికి కూడా కట్టుకుని చూసుకున్నారు. నాకు నూట అరవై వచ్చింది.

నిజం చెప్పాలంటే, ఆ అంకె విన్నప్పుడు నా లోపల ఒక మూల చిన్న సంతోషం కలిగింది. వారం నుంచీ నాకు నిద్ర లేదు. కొండ మీద నేనొక్కదాన్నే మిగిలిపోయినట్టు, పందెం వాళ్ళు గుడారాలు పీక్కుని వెళ్ళిపోయినట్టు ఊహలు. డాక్టరు వద్దన్నారు అని చెప్పుకునే అవకాశం దేవుడిచ్చినట్టు వచ్చింది. "పోన్లెండి, నేను రాను, మీరిద్దరూ వెళ్ళండి," అన్నాను, వీలైనంత బాధగా.

"పడుకోండి వదినా," అంది చెరువులావిడ. నన్ను అక్కడే బల్ల మీద పడుకోబెట్టి, ఫ్యాను వేసి, బీపీ తగ్గడానికి ఏదైనా హాయిగా ఉండే కబురు చెబుతానని మొదలెట్టింది. కిందటేడు వాళ్ళాయన చెరువులో మేత చల్లుతూ పడవలోంచి నీళ్ళలో పడిపోతే, చేపలన్నీ ఆయన చుట్టూ చేరి లుంగీ లాగేసిన కబురు. గట్టు మీద బంధువులంతా ఉన్నారట. టైలరు నవ్వాపుకోలేక బయటికి పోయింది. నేను పొట్ట పట్టుకుని నవ్వాను. నూట డెబ్భై వచ్చింది.

"మీరు బయటికెళ్ళండమ్మా," అన్నారు డాక్టరుగారు చెరువులావిడతో.

పావుగంట ఒక్కదాన్నే పడుకున్నాను. పడుకుని, మనసులో పదమూడో ఎక్కం, పదిహేడో ఎక్కం, పంతొమ్మిదో ఎక్కం చెప్పుకున్నాను. నాకు ప్రశాంతత ఇచ్చేవి అవే. నూట ముప్ఫయి రెండుకి దిగింది. డాక్టరుగారు సంతకం పెట్టేశారు. చేతి అలవాటు కొద్దీ మూడు కాగితాల కిందా "అయిదు రోజుల తరవాత మళ్ళీ చూపించుకోవలెను" అని కూడా రాశారు. ఆ విధంగా తప్పించుకునే ఆఖరి దారి మూసుకుపోయింది.

తొమ్మిదింటికి బయల్దేరాం. బండి చెరువులావిడ వాళ్ళ బొలేరో, నడిపేది వాళ్ళాయన. ఆయన్ని నేను అన్నయ్యగారూ అంటాను. తక్కువ మాట్లాడే మనిషి. ఆయన ధ్యాసంతా చెరువుల్లో నీళ్ళు చిలికి గాలి పట్టించే ఏరేటర్ల మీదే ఉంటుంది. కరెంటు పోయిందేమోనని అరగంటకోసారి చెరువు దగ్గర మనిషికి ఫోను చేస్తారు. మమ్మల్ని కూడా చేపల లెక్కనే చూస్తారు. "కొండ మీద ఆక్సిజన్ తక్కువుంటదండీ. నోళ్ళు తెరుచుకుని పైకి తేలతారు, చూసుకోండి మరి," అన్నారు బండెక్కుతూనే.

గుండుగొలను దగ్గర రోడ్డు రెండుగా చీలుతుంది. కొత్త హైవే నేరుగా కొవ్వూరు మీదికి పోతుంది. పాత రోడ్డు ఉంగుటూరు మీదుగా తాడేపల్లిగూడెం పోతుంది. గూడెంలో మా పిన్ని ఉంది. దారిలోనే కదా, ఓ పది నిమిషాలు ఆగి మొహం చూపించి పొండి అని వారం నుంచీ పోరుతోంది.

అన్నయ్యగారు బండి నెమ్మది చేసి, "ఎటండీ?" అన్నారు.

"గూడెం మీదుగానే పోనివ్వండి. పదే పది నిమిషాలండీ," అన్నాను.

"గూడెంలో పది నిమిషాల్లో అయ్యే పని ఇంతవరకూ చూళ్ళేదండీ," అని ఎడంవైపు పోయే హైవే వదిలేసి పాత రోడ్డు పట్టించారు.

పిన్ని విషయంలో నాకు లోపల కాస్త గుబులు ఉండనే ఉంది. కారణం, మూడు రోజుల కిందట ఫోనులో జరిగిన సంభాషణ.

"ఏ కొండే అమ్మా?" అంది పిన్ని.

"మారేడుమిల్లి అవతల పిన్నీ."

"పైన ఏ దేవుడు?"

"దేవుడెవరూ లేరు పిన్నీ."

"దేవుడు లేని కొండ ఎక్కడమెందుకే?"

నేను ఇరవై రెండేళ్ళుగా పిల్లల ప్రశ్నలకి జవాబులు చెబుతున్నాను. దీనికి మాత్రం సిగ్నల్ సరిగ్గా లేదని చెప్పి పెట్టేశాను. పెట్టేసి ఉండాల్సింది కాదు.

బొలేరో పిన్ని వాళ్ళ వీధిలోకి తిరిగేసరికి ఇంటి ముందు ఇరవైమంది దాకా ఆడవాళ్ళు ప్లాస్టిక్ కుర్చీలేసుకుని కూర్చుని ఉన్నారు. గుమ్మం ముందు పెద్ద ముగ్గు. ఎవరింట్లోనో పెళ్ళి ఉందనుకున్నాను. మేం దిగగానే అందరూ లేచి నిలబడ్డారు. ఒకావిడ పళ్ళెంలో పసుపు నీళ్ళతో ఎదురొచ్చి, "బూట్లు విప్పండమ్మా," అంది.

"ఎందుకండీ?" అన్నాను.

"అమ్మవారి కొండెక్కే పాదాలు కదమ్మా!"

వెనక్కి తిరిగి పిన్ని వైపు చూశాను. పిన్ని ఆకాశంలోకి చూస్తోంది.

ఆవిణ్ణి చెయ్యి పట్టుకుని వంటింట్లోకి లాక్కెళ్ళాను. "ఏ అమ్మవారు పిన్నీ?"

"మరి నన్నేం చెప్పమంటావే?" అంది పిన్ని గొంతు తగ్గించి. "మీ అక్క కూతురు కొండెందుకు ఎక్కుతోందండీ అని అడిగారు. ఊరికే అని చెప్పనా? పెళ్ళీడు కొడుకున్నదానివి. ఊరికే ఎక్కుతోందంటే ఇంట్లో ఏదో గొడవనుకోరూ? అందుకని మొక్కు అన్నాను."

"పరిగెత్తే మొక్కా?"

"పొర్లుదండాలు పెట్టేవాళ్ళు లేరూ? ఇదీ అలాంటిదే అన్నాను."

"అమ్మవారి పేరేంటని అడగలేదా?"

"అడిగారు. చాలా ఉగ్రం, పేరు పైకి అనకూడదు అన్నాను." ఆ మాట చెప్పేటప్పుడు పిన్ని మొహంలో కొంచెం గర్వం కనిపించింది. "ఇప్పుడు నువ్వెళ్ళి కాదన్నావంటే ఈ వీధిలో నేనింక తలెత్తుకోలేను. పద, పులిహోర చల్లారిపోతోంది."

నేను మళ్ళీ వసారాలోకి వచ్చేసరికి పరిస్థితి చెయ్యి దాటిపోయింది. చెరువులావిడ అప్పటికే కుర్చీలో సర్దుకుని కూర్చుని, రెండు కాళ్ళూ చాపి పసుపు రాయించుకుంటోంది. ఆవిడకి సంగతేంటో తెలీదు, అడగనూ లేదు. ఎవరైనా కాళ్ళు పడతామంటే ఎందుకని అడిగే మనిషి కాదు. ఆవిడ బొటనవేళ్ళ గోళ్ళు రెండూ నల్లగా కమిలిపోయి ఉన్నాయి. ఎక్కువ దూరం పరిగెత్తితే బూటు ముందు భాగం తగిలి అందరికీ అలాగే అవుతుంది. పసుపు రాస్తున్నావిడ ఆ గోళ్ళు చూసి కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

"ఎంత నిష్ఠమ్మా! ఎన్నాళ్ళ దీక్ష?"

"ఆర్నెల్లండీ," అంది చెరువులావిడ, ప్రాక్టీసు గురించి అడుగుతున్నారనుకుని.

వీధంతా చేతులు జోడించింది.

తరవాత టైలరు వంతు. ఆవిడ రెండడుగులు వెనక్కి వేసి, "అమ్మా, మొక్కు టీచరుగారిదండీ, నేను తోడొచ్చానంతే. మేం ముస్లిములమండీ," అంది మెల్లిగా. పసుపు పళ్ళెం పట్టుకున్నావిడ ఏం చెయ్యాలో తెలీక ఆగిపోయింది. అప్పుడు మూల కుర్చీలో ఉన్న ఒక ముసలామె అందుకుంది.

"అయితే ఏంటంట? కొండెక్కేది కాళ్ళే కదా. ఆ పిల్ల కాళ్ళకీ రాయండే, పాపం ఎంత దూరం పోవాలో."

టైలరు నా వైపు చూసింది. నేను కళ్ళతోనే బతిమాలాను. ఆవిడ నవ్వుతూ బూట్లు విప్పింది. "గోరింటాకు పెట్టించుకున్నట్టే ఉంది టీచరుగారూ," అంది నా చెవిలో.

ఇక కొబ్బరికాయలు. ఒక్కొక్కరూ వచ్చి కొబ్బరికాయ నా చేతిలో పెట్టి, అమ్మవారికి చెప్పాల్సింది చెప్పి వెళ్ళడం మొదలెట్టారు. ఒకావిడ అల్లుడికి కాకినాడ నుంచి ట్రాన్స్‌ఫర్ కావాలి. ఒకమ్మాయికి ఇంజనీరింగులో మంచి కాలేజీ కావాలి, కాకపోతే హాస్టల్లో తిండైనా బాగుండాలి. ఒకావిడ వాళ్ళాయన ఫోనులో వీడియోలు అంత గట్టిగా పెట్టుకుని చూడకుండా చెయ్యమంది. ముసలామె ఆఖర్న వచ్చింది.

"నా మోకాళ్ళ సంగతి చెప్పమ్మా."

"అలాగేనండీ."

"రెండూనమ్మా. ఒకటే చెప్పేవు."

అన్నీ గుర్తుండవని టైలరు తన చేతిసంచిలోంచి కొలతల పుస్తకం తీసింది. జాకెట్ల కొలతలు రాసుకునే పుస్తకం అది, ఎక్కడికెళ్ళినా ఉంటుంది. అలవాటైన చెయ్యి కాబట్టి అలవాటైన తీరులోనే రాసింది. తరవాత బండిలో చూశాను: "మోకాళ్ళు – 2. అల్లుడు – 1, కాకినాడ. ఫోను సౌండు – తగ్గించాలి."

భోజనం చెయ్యనిదే కదలనివ్వలేదు. ముందురోజు ఏం తినాలో నేను నెల ముందే పట్టిక వేసుకున్నాను: మెత్తటి అన్నం, పెరుగు, అరటిపండు. పిన్ని పులిహోర, పూర్ణాలు, ముద్దపప్పు, గుమ్మడికాయ పులుసు, ఆవడలు, ఇంకా ఏవో చేసింది. మొక్కులో ఉన్నామని ఉల్లి, వెల్లుల్లి మాత్రం పడకుండా చూసింది. మూడో పూర్ణం దగ్గర నేను పట్టిక సంగతి ఎత్తితే, "రేపు ఎలాగూ పరిగెడతావుగా, అరిగిపోద్దిలే," అని నాలుగోది వేసింది. తర్కంలో తప్పు పట్టడానికి ఏమీ దొరకలేదు.

ఇంతలో బయట చిన్న కలకలం. కొబ్బరికాయలు బండిలో పెట్టడానికి వెళ్ళిన పక్కింటావిడ గట్టిగా "అయ్యయ్యో!" అంది. మేం దారిలో తిందామని చెరువులావిడ కొరమీను వేపుడు డబ్బా తెచ్చింది. మా కోసం ఎదురుచూసి చూసి ఆకలేసిన అన్నయ్యగారు, బండిలోనే కూర్చుని ఆ వేపుడు తింటూ దొరికిపోయారు.

"మొక్కు బండిలో చేపలేంటండీ!" అంది పక్కింటావిడ.

అన్నయ్యగారికి మొక్కు సంగతి అసలు తెలీదు. ఆయన ఆవిణ్ణి, ఆవిడ బుట్టలో ఉన్న పదకొండు కొబ్బరికాయల్ని, గుమ్మంలో పసుపు కాళ్ళతో నిలబడ్డ భార్యని చూశారు. "నాకేం మొక్కుల్లేవండీ," అన్నారు ముక్క నములుతూనే. "నేను డ్రైవర్నండీ." ఆ జవాబుతో అందరికీ సమాధానమైంది.

గూడెంలోంచి బయటపడేసరికి పన్నెండూ ఇరవై. అయిదింటికి చేరాలంటే సగటున ఎంత వేగం ఉండాలో నేను లెక్కలు కడుతూ, పూర్ణాల బరువుకి రాజమండ్రి చేరకముందే నిద్రపోయాను. రంపచోడవరం దాటాక మెలకువ వచ్చింది. ముందు సీట్లో చెరువులావిడ తల కిటికీలోంచి బయట పెట్టి ఉంది. మా ముగ్గురిలోకీ గట్టి మనిషి, బురదలో, ఎండలో దేనికీ వెనకాడని మనిషి, ఘాట్ రోడ్డు మొదటి మలుపుకే డోకులు మొదలెట్టింది.

"ఇదేం రోడ్డు వదినా," అంది నీరసంగా, "తిన్నగా వెయ్యడం రాదా వీళ్ళకి?"

అప్పుడు కొండ కనిపించింది. పచ్చగా, నిటారుగా, పైన సగం మబ్బులో. టైలరు కిటికీ వైపు వంగి, "దీన్నేనా అండీ ఎక్కాల్సింది?" అంది.

"దీని వెనకాల ఇంకోటుందంటండీ, దాన్ని," అన్నారు అన్నయ్యగారు.

పందెం వాళ్ళ గుడారాలు ఒక వాలు మైదానంలో ఉన్నాయి. పది తక్కువ అయిదుకి చేరాం. సామాన్లు తనిఖీ చేసే బల్ల దగ్గర నల్ల కళ్ళద్దాలు పెట్టుకున్న ఒక పొడుగాటి అమ్మాయి కూర్చుని ఉంది, హైదరాబాదు మాట తీరు. డాక్టరుగారి కాగితాలు చూసి, "అయిదు రోజుల తరవాత ఏం చూపించుకోవాలి?" అంది. "అంటే అప్పటికి ఉంటామనేనండీ," అన్నాను.

విజిలు ఊది చూపించమంది. చెరువులావిడ తెచ్చింది చెరువుల మీద వాలే పిట్టల్ని తోలే విజిలు. అప్పటిదాకా వాలిపోయి ఉన్న మనిషి, ఊపిరి పట్టి ఊదింది. మైదానంలో ఉన్న వందమందీ ఉలిక్కిపడి చూశారు. ఒకాయన చేతిలో టీ ఒలకబోసుకున్నాడు.

తరవాత వెండి రేకు దుప్పట్లు. ఆ అమ్మాయి ఒకటి విప్పి చాలాసేపు చూసింది. దాని అంచంతా చుట్టూ గులాబీరంగు దారంతో పీకో చేసి ఉంది, చీర కొంగుకి చేసినట్టు.

"ఇదేంటి?"

"అంచు పచ్చిగా వదిలేశారండీ," అంది టైలరు నొచ్చుకుంటూ. "చూస్తూ చూస్తూ ఎలా వదిలేస్తామండీ? దారం పోగులొచ్చేస్తే?"

రేకుకి పోగులు రావు. ఆ అమ్మాయి ఆ మాట అనలేదు. కళ్ళద్దాలు తీసేసి, "మా వాటికి కూడా చేస్తారా?" అంది.

అన్నీ అయ్యాయి, నంబర్లు చేతికొచ్చాయి, హమ్మయ్య అనుకున్నాం. అప్పుడు అన్నయ్యగారు మా సంచులు దింపడానికి బొలేరో వెనక తలుపు తెరిచారు.

మా వైపు కొబ్బరికాయ పెట్టిన చోటే ఉంటుంది. నేల వాలుగా ఉంటే అది దొర్లుతుందన్న ఆలోచన మా నలుగురిలో ఒక్కరికీ రాలేదు. పదకొండూ ఒకదాని వెనక ఒకటి కిందికి దూకి, గంతులేసుకుంటూ గుడారాల వైపు పరుగు తీశాయి. నాకు తెలిసి ఆ కొండ మీద ఆ రోజు మొదటి పందెం అదే. "పట్టుకోండి! పట్టుకోండి!" అని చెరువులావిడ విజిలు ఊదింది. బెంగుళూరు నుంచీ ఎక్కడెక్కణ్ణుంచో వచ్చిన, పిక్కలు రాళ్ళలా ఉన్న పెద్ద పెద్ద రన్నర్లు కొబ్బరికాయల వెంట పడ్డారు. ఒకాయన ఫుట్‌బాల్ గోల్‌కీపర్‌లా అడ్డం పడుకుని రెండు ఆపాడు. పది దొరికాయి. ఒకటి మైదానం చివర గట్టు దాటి లోయలోకి పోయింది. చాలాసేపు టంగుటంగుమని చప్పుడు వినిపిస్తూనే ఉంది.

ఇవెందుకు తెచ్చారని కళ్ళద్దాల అమ్మాయి అడిగింది. మొత్తం కథ చెప్పాను. పిన్ని, పేరు చెప్పకూడని అమ్మవారు, మోకాళ్ళు, అన్నీ. ఆ అమ్మాయి నవ్వుతుందనుకున్నాను. నవ్వింది కూడా. నవ్వి, "మరి కొట్టరా?" అంది.

కొట్టకుండా ఎలా ఉంటాం? అమ్మవారు లేకపోవచ్చు గానీ, ఆ ముసలామె మోకాళ్ళు నిజమైనవే. మైదానం పక్కన ఒక పెద్ద బండ ఉంది. ఎండ ఇంకా కొండ మీద ఉంది. టైలరు కొలతల పుస్తకం విప్పి ఒక్కొక్కటీ చదివింది, నేను ఒక్కొక్కటీ కొట్టాను. ఎవరికి చెబుతున్నానో తెలీక కొండ వైపే తిరిగి గట్టిగా చెప్పాను. "అల్లుడు, కాకినాడ నుంచి ట్రాన్స్‌ఫర్." టప్. "ఫోను సౌండు." టప్. మొదటి రెండింటికీ సిగ్గేసింది. మూడోదాని నుంచీ ఎందుకో గొంతు సర్దుకుంది. ఆఖరికి వచ్చేసరికి మోకాళ్ళకి కాయ మిగల్లేదు.

"లోయలోకి పోయింది ఆవిడదే అయ్యుంటుంది," అన్నాను దిగులుగా.

"అయితే మనకంటే ముందే చేరిపోయిందిలెండి వదినా," అంది చెరువులావిడ. "ఆవిడ పనే ముందు అవుద్ది." అయినా నా తృప్తి కోసం రెండు మోకాళ్ళ పేరూ పైకి చెప్పి దణ్ణం పెట్టాను. చిప్పలన్నీ వంటవాళ్ళు పట్టుకుపోయి మర్నాడు పొద్దున్న అందరికీ ఇడ్లీల్లోకి పచ్చడి చేశారు. పిన్ని ఫోను చేసి కొట్టారా అని అడిగితే, కొట్టామని నిజమే చెప్పాను. ఎలా ఉందే అమ్మవారు అంది. చాలా ఎత్తుగా ఉంది పిన్నీ అన్నాను.

పందెం గురించి రెండు ముక్కలన్నాను కదా. చెరువులావిడ కొండల్ని చెరువు గట్లలాగే పరిగెత్తి, ఆడవాళ్ళలో ఆరోదిగా వచ్చి, మా కోసం ఎదురుచూస్తూ చెట్టు కింద గుర్రుపెట్టి నిద్రపోయింది. టైలరుకి ముప్ఫై ఒకటో కిలోమీటరు దగ్గర మడమ మెలితిరిగింది. ఆపేసి, అక్కడ మంచినీళ్ళిచ్చే గుడారంలో కూర్చుని, వచ్చేపోయేవాళ్ళ సంచుల పట్టీలకి కుట్లు వేసింది. అందులో నాదీ ఒకటి. నేను గడువుకి పదకొండు నిమిషాల ముందు, చివరి నుంచి రెండోదాన్నై, నోరు తెరుచుకుని చేరాను. మెడలో బిళ్ళ వేశారు. ఏడిచాను. ఎందుకేడిచానో లెక్కలు కట్టలేదు.

సోమవారం బడి. నా పదో తరగతి రెండో అంతస్తులో. పొద్దున్న ఎక్కడం ఎలాగో ఎక్కేశాను. గంట కొట్టాక మెట్లు దిగబోతే మోకాళ్ళు వంగనన్నాయి. ముందుకి దిగితే పడిపోతానని తెలిసి, వెనక్కి తిరిగి, రెయిలింగు పట్టుకుని, ఒక్కో మెట్టూ వెనక కాలితో తడుముకుంటూ దిగాను. పైన నలభై రెండుమంది పిల్లలు వరసలో నిలబడి చూస్తున్నారు. నేను సగం దిగాక చూస్తే, మొదటి పిల్ల కూడా బుద్ధిగా వెనక్కి తిరిగింది. దాని వెనక రెండోది. టీచరుగారు దిగుతున్నారంటే అదేదో కొత్త రూలనుకున్నారు. హెడ్‌మిస్ట్రెస్‌గారు ఆఫీసు గదిలోంచి బయటికొచ్చేసరికి పదో తరగతి మొత్తం ఆవిడకి వీపులు చూపిస్తూ కిందికి దిగుతోంది.